గంట కట్టేసిన సాయంత్రం

పీఠం మీది గుడ్డలన్నీ తీసి మడతపెట్టాలి. కొవ్వొత్తుల స్తంభాలు పక్కగదిలోకి చేర్చాలి. పెద్ద సిలువకు ఊదారంగు బట్ట చుట్టాలి, ఫాదరుగారు విప్పేటప్పుడు పెనుగులాడకుండా ముళ్ళు వదులుగా వేయాలి. సిలువ మార్గం పటాలు దుమ్ము తుడిచి వరస చూసుకోవాలి, మట్టల ఆదివారం తుడిచినప్పుడు రెండు తారుమారై ప్రభువు కిందపడక ముందే లేచాడని సిస్టర్ జూలీ నవ్వింది. దవాఖాన గదిలో కట్లు కట్టించుకునేవాళ్ళను ఎండ ముదరకముందే పంపించెయ్యాలి. ఉపవాసం విడిచేవాళ్ళకు గంజి కాచాలి, ఉప్పు మరిచిపోకూడదు. ఫాదరుగారి స్కూటరు వచ్చే బాటలో తుమ్మకంప తీయించాలి. చాపలు దులిపి పరవాలి. నిన్న రాత్రి మహిమగీతం కాగానే గంట నాలుకకు చుట్టిన గుడ్డ గాలికి ఊడిపోలేదు కదా అని ఇంకొకసారి చూడాలి.

అన్నీ అయ్యాయి. మిగిలింది ఒక్కటే, అది సిస్టర్ స్కొలాస్టిక చేతిలో లేదు. పటేల్ ద్రాక్షతోటలో కూలికి పోయిన ఆడవాళ్ళు పొద్దుండగానే పందిళ్ళ కిందినుంచి బయటికి రావాలి. వాళ్ళంతట వాళ్ళే రావాలి. ఎందుకంటే ఇవాళ శుభ శుక్రవారం, ఇవాళ గంట మోగదు.

ఆమె గుడి గడపమీద కూర్చుంది. గుడి అంటే నాలుగు గోడలూ రేకుల కప్పూ, ముందర రెండు రాతి గుంజల మధ్య వేలాడే గంట. కడుపులో ఏమీ లేక తల కొంచెం తేలిపోతున్నట్టుంది, నాలుక అంగిటికి అంటుకుంటోంది, ఈ ఒక్కపూట దాహానికే ఇట్లా ఉంటే అని మొదలైన ఆలోచన సగంలోనే జారిపోయి కళ్ళు పైకి పోయాయి. పన్ను నొప్పి వచ్చిన పెద్దమనిషి దవడకు గుడ్డ కట్టుకుని కూర్చున్నట్టుంది గంట. ప్రభువు చనిపోయి సమాధిలో ఉన్నంతసేపూ గంటలు మాట్లాడకూడదు. గురువారం రాత్రి ఆగిన గంట శనివారం రాత్రి ఉత్థాన పూజలోనే మళ్ళీ నోరు తెరవాలి. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ చూస్తున్న నియమమే, గుంటూరు దిక్కున తమ ఊళ్ళో ఈ మౌనం ఎంత బాగుండేదో, ఊరు ఊరంతా చెవిలో దూది పెట్టుకున్నట్టు, నాన్న కూడా ఎడ్ల మెడ గంటలు విప్పి చూరులో దోపేవాడు. అక్కడ ఎవరి పొద్దూ గంట మీద ఆధారపడి లేదు. ఎవరి పొలం వాళ్ళది, తలెత్తితే ఆకాశం వాళ్ళది. ఇక్కడ అట్లా కాదని తెలియడానికి ఒక శుక్రవారం ఖర్చయింది.

బాట అవతల టమాట మడులు, ఆ వెనక ద్రాక్షతోట. బయటినుంచి చూస్తే నేలకు మనిషెత్తున పరిచిన పచ్చటి కప్పు, గాలికి మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది, చూడ ముచ్చటగా ఉంటుంది. లోపల వేరు. కొత్తలో ఒకసారి, పందిట్లోనే నొప్పులొచ్చిన ఒక మనిషి కోసం జూలీతో కలిసి పరుగెత్తుకుంటూ లోపలికి పోయినప్పుడు తెలిసింది. ఎత్తు మనిషైతే నడుం వంచే నడవాలి, చేతులు మాత్రం పైకే ఉండాలి, మెడ వెనక్కి వాలి ఉండాలి, కత్తెరతో గుత్తి తుంచి ఆకు మీద పరిచినట్టు పెట్టెలో పెట్టాలి. వెలుతురు పచ్చసీసాలోంచి వచ్చినట్టు వస్తుంది. ఉదయమూ అదే పచ్చ, మధ్యాహ్నమూ అదే పచ్చ. నీడ జరగడం కనపడదు, అంతా నీడే కనుక. పొద్దు ఇంకా ఉందని మేస్త్రీ అంటే ఉంది, లేదంటే లేదు. పచ్చ కాస్తా నలుపైతే తప్ప ఆ ఆడవాళ్ళకు సాయంత్రమైనట్టు తెలిసేది కాదు. అప్పటికి ఇండ్లలో పొయ్యిలు వెలగక పిల్లలు గడపల మీదే నిద్రపోయేవాళ్ళు.

ఆ పిల్లల్నే మొదట చూశారు తాము. తొంభై రెండు వానాకాలం, పాల్మాకుల దాటి ట్రాక్టరు మీద ట్రంకుపెట్టెలతో దిగినప్పుడు, బురద మడమల దాకా ఉంది, తెల్లబట్టల మీద ఎర్రమట్టి మచ్చలు, జూలీ చెప్పు ఒకటి దిగబడి రానే లేదు. మొగదిక్కు లేని ముగ్గురు ఆడవాళ్ళకు, తనకూ జూలీకీ కుట్టు నేర్పే ఇంకో సిస్టరుకూ, గది ఇచ్చేవాళ్ళు లేరు. పెండ్లిళ్ళు కాలేదట, దేవున్నే చేసుకున్నరట, గుసగుసలు చెవిన పడుతూనే ఉన్నాయి. ఆఖరికి మంజూర్ తన జొన్నల కొట్టం ఖాళీ చేసి కిరాయికి ఇచ్చాడు. ఆయన భార్య సలేహా పళ్ళెం నిండా వేడి రొట్టెలు పట్టుకొచ్చి, ముగ్గురినీ ఎగాదిగా చూసి, “పిల్లలెంతమందమ్మా మీకు?” అని అడిగింది. తాను ఏం చెప్పాలా అని తడుముకుంటూ ఉండగానే జూలీ అంది, “ఈ ఊళ్ళ ఎంతమందుంటే గంతమంది.” సలేహా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. అదే తమకు దొరికిన మొదటి ఆశీర్వాదం అనుకుంటుంది స్కొలాస్టిక. ఆ రాత్రి జొన్న ధూళికి ముగ్గురూ తుమ్ముతూ జపమాల చెప్పారు, అందరికీ ఒకేసారి తుమ్ము రాకుండా ఉంటే చాలు ప్రభువా అనుకుంటూ. తన పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. వారం తిరక్కముందే కొలాసమ్మ అయింది. మఠం పెద్ద మదర్ పెట్టిన పేరుకంటే ఇదే తనకు సరిపోయిందని లోలోపల ఎప్పుడూ సంతోషమే.

గంట తెచ్చింది కూడా తానే, ఇంకా రెండేళ్ళు నిండలేదు. సొంత ఊళ్ళో పెద్ద గంట కొత్తది వేయించినప్పుడు అంచు పెచ్చు ఊడిన పాతది ఒక మూలన పడి ఉంటే అడిగి పట్టుకొచ్చింది. బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే గతుకు వచ్చినప్పుడల్లా ఖణేల్మనేది, కండక్టరు గంట కొట్టాడనుకుని డ్రైవరు బ్రేకు వేసేవాడు, ఎక్కేవాడూ లేడు, దిగేవాడూ లేడు. మూడుసార్లు అయ్యాక కండక్టరు చేతులు జోడించాడు, “అమ్మా, మీ దేవునికి దండం పెడత, దాన్ని జర ఒళ్ళె పండబెట్టుకోండ్రి.” పసిబిడ్డను పడుకోబెట్టినట్టు శంషాబాద్ దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. తొడలు కమిలిపోయాయి. మంజూర్ తన మనుషుల్ని తీసుకొచ్చి గుంజలు పాతించాడు, పైకి ఎక్కించాక కళ్ళు చికిలించి చూసి, “మాకు అజాన్, మీకు గంట. ఇగ మా ఊరోళ్ళు నిద్రవోయినట్టే సిస్టరమ్మా” అన్నాడు.

పొద్దునా, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి గంట కొట్టేవాళ్ళు. ఎవరి పనుల్లో వాళ్ళుండేవాళ్ళు, ఎవరూ పట్టించుకోలేదు, తాము ముగ్గురే మోకరించేవాళ్ళు. ఆ సాయంత్రం గంట తోట పందిళ్ళ కిందికి కూడా పోతోందని, అక్కడ దానికి ఇంకో అర్థం పుడుతోందని తమకేం తెలుసు? తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. తోటలో కూలిచేసే రుక్కమ్మ చెప్పగా చెప్పగా తానే చూసినట్టు అయిపోయింది. గంట వినగానే రుక్కమ్మ కత్తెర పెట్టెలో పడేసి నడుం పట్టుకుని బయటికి నడిచింది. మేస్త్రీ అడ్డం వచ్చాడు.

“ఎటు?”

“గంటయ్యింది.”

“ఎవని గంటనే?”

“దేవుని గంట. ఆయనకే చెప్పుకోపో.”

ఆమె వెనక ఇంకో ఇద్దరు, మర్నాడు సగంమంది, నెల తిరిగేసరికి తోటంతా. చదువు లేదు, సంఘం లేదు, ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. సాయంత్రం గంటకు చెయ్యి ఆపాలి అన్నది పందిరి కింద చట్టమైపోయింది. పిల్లలు గడపల మీద నిద్రపోవడం మానేశారు. తాము నడిపే సాయంత్రం బడికి పలకలతో వచ్చేవాళ్ళ తలలు దువ్వి ఉండేవి, అది చూసి జూలీ ఏడ్చింది, దువ్విన తల చూసి ఏడ్చేవాళ్ళు ఉంటారా అని తాను కోప్పడి పక్కకు పోయి తానూ ఏడ్చింది. పటేల్ మల్లేశ్వర్ ఒకరోజు మోటారుసైకిలు మీద వచ్చాడు. చెడ్డవాడేం కాదు, క్రిస్మసుకు ఒక పెట్టె ద్రాక్ష మరవకుండా పంపుతాడు, నవ్వుతూ మాట్లాడతాడు, నవ్వుతూనే అడిగాడు, గంట జర పొద్దుగూకినంక కొట్టరాదా సిస్టరమ్మా, మీకైనా మాకైనా దేవుడొక్కడే గద అని. “జపానికి వేళంటూ ఉంటుందండీ మల్లేశ్వర్ గారూ. ఆ వేళ నేను పెట్టింది కాదు” అంది తాను, కోస్తా మాట, నెమ్మదైన మాట. ఆయన మోటారుసైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు తనకు కొంచెం గర్వం కలిగింది, ఒప్పుకోవాలి. తాడు తన చేతిలో ఉన్నందుకు.

పోయినేడు ఇదే రోజు ఆ గర్వం అణిగింది. ఇట్లాగే చాపలు పరిచి, ఇట్లాగే సిలువకు బట్ట చుట్టి, ఇట్లాగే గడపమీద. ఫాదరుగారు వచ్చి చెమట తుడుచుకుని ఎదురు చూశారు. పొద్దు పడమటి రాతిగుండ్ల వెనక్కి దిగింది. ఒక్క మనిషి రాలేదు. చేతికర్ర మీద వంగి వచ్చిన ముసలి మత్తయ్య తప్ప చాపలన్నీ ఖాళీ. తాను మనసులో ఎన్నెన్ని మాటలు అనుకుంది వాళ్ళను! ఏడాదికి ఒక్కరోజు, ఆయన పాదాలు ముద్దు పెట్టుకోవడానికి ఒక్క సాయంత్రం, అది కూడా లేదా, కట్లు కావాలి, మాత్రలు కావాలి, కుట్టుమిషను కావాలి, ఆయన మాత్రం అక్కర్లేదా, ఇన్నేళ్ళూ ఇసుకలో నీళ్ళు పోశామా. పెదవులు ప్రార్థన చెబుతున్నాయి, లోపల ఇదీ సణుగుడు. చీకటి పడి, ఫాదరుగారు దీపం వేసుకుని వెళ్ళిపోయాక, గేటు దగ్గర రుక్కమ్మ. చంకలో పసివాడు, రవిక ముందుభాగం పాలతో తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. “ఏంది కొలాసమ్మా, మీ దేవుడు సచ్చిపోతే మా పొద్దు గూడ సచ్చిపోవాల్నా? గంట కోసం చెవులు పెట్టుకోని పెట్టుకోని ఉన్నం. ఇంక గంట గాలె, ఇంక గంట గాలె అంటడు మేస్త్రీ. పండేదో ఆకేదో కండ్లకు అవుపడకుంటయ్యేదాంక కోసినం. పోరడు గుక్కవట్టి నీలమైండు.” ఇక్కడ తాను వాళ్ళ కోసం ఎదురుచూస్తుంటే, అక్కడ వాళ్ళు తన కోసం ఎదురుచూస్తున్నారు. మధ్యలో గంట నోరు కట్టింది తన చేతులే, ఎంత భక్తిగా, ఎంత శుభ్రమైన గుడ్డతో. నియమం గుర్తుంది, వాళ్ళకు చెప్పాలని మాత్రం గుర్తు రాలేదు. సంగతి తెలిసిన పటేల్ తర్వాత ఎప్పుడో బాటలో కనపడి, “ఈ గంట లేని దినాలు నెల నెలా ఒస్తే ఎంత మంచిగుండు సిస్టరమ్మా” అని పకపకా నవ్వాడు.

పైన విమానం ఒకటి బేగంపేట దిక్కు వంగుతోంది. ఈ రాళ్ళ మీద కూడా ఎప్పుడో విమానాలు దిగుతాయని కొలతలు వేసేవాళ్ళు ఎవరో అన్నారట, మంజూర్ చెప్పి నవ్వాడు, బర్రె దిగనీకే జాగ లేదు, విమానం దిగుతదా అని. చప్పుడు పోయేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, ఆ చప్పుడు కింద ఇంకేదైనా చప్పుడు పోతుందేమోనని. ఏమీ లేదు. తోట గేటు దగ్గర లారీ మాత్రం కనపడుతోంది, వెనక తలుపు తెరిచి, నోరు తెరుచుకున్నట్టు. పటేల్ వారం కిందటే మేస్త్రీతో అన్నాడట, శుక్రవారం గంట లేదు, లారీ నిండినాకనే ఎవరైనా కదిలేది అని. గుసగుసగా కాదు, హోటలు దగ్గర చాయ తాగుతూ, ఊరందరూ వింటుండగా.

అందుకే మట్టల ఆదివారం పూజ కాగానే ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. చేతుల్లో ఈతమట్టలు, పిల్లలు వాటితో ఒకర్నొకరు పొడుచుకుంటున్నారు. చెప్పాల్సింది సూటిగా చెప్పేసింది. “మీరు కొట్టమంటే శుక్రవారం గంట కొడతాను. ఫాదరుగారికి నేను సమాధానం చెప్పుకుంటాను. పోయినేడు జరిగింది మళ్ళీ జరగనివ్వను.” అందరూ ఒకేసారి మాట్లాడారు. కొట్టమని ఒకరు, వద్దని ఇద్దరు, సచ్చిన ఇంట్ల డప్పు గొట్టినట్టుంటదని ఒక ముసలామె. రుక్కమ్మ లేచి నిలబడింది. “వద్దమ్మా. మీ మూడు దినాలు మాకోసం ఎందుకు ఖరాబ్ జేసుకుంటరు? అయి మీయే గాదు, మాయి గూడ. మా పొద్దు మేం సూస్కుంటం.” “ఎట్లా చూసుకుంటారు, పందిట్లో పొద్దు కనపడదు కదా?” “సూస్కుంటమంటున్న గద.” అంతే. ఎట్లాగో చెప్పలేదు. తెలిసి చెప్పలేదో, తెలియక చెప్పలేదో. మాట మాత్రం ఇచ్చింది, ఆ మాటతో తన చేతులు కట్టేసింది.

ఇప్పుడు ఆ చేతులే సమస్య. పొద్దు పెద్దగుండు వైపు జారుతోంది, రేకుల నీడ వాకిట్లో సాగి బాట దాకా వచ్చింది, గంట కొట్టే వేళయింది, దాటుతోంది. తోట కదలడం లేదు. పచ్చటి కప్పు, దాని మీద బంగారు రంగు, చూడ ముచ్చటగా. మదర్ పోయిన నెల వచ్చినప్పుడు అడిగింది, ఇన్నేళ్ళలో ఏం నిలబెట్టారమ్మా ఇక్కడ అని, తప్పుపట్టి కాదు, అడగడం ఆమె బాధ్యత. తాను వెంటబెట్టుకుని చూపించింది, ఇది దవాఖాన మదర్, ఇవి కుట్టుమిషన్లు, ఇది సాయంత్రం బడి, ఇది గుడి, గోడలు చూపించింది, రేకులు చూపించింది. మనుషుల్ని ఎట్లా చూపించడం? గంట మోగితే చెయ్యి ఆపేవాళ్ళు, గంట మోగకపోతే చెయ్యి ఆపలేనివాళ్ళు అయితే, వాళ్ళకు తాము ఇచ్చిందేమిటి? ఒక మేస్త్రీ పోయి ఇంకో మేస్త్రీ వచ్చినట్టేనా, రెండోది ఇత్తడిది. వాళ్ళు రావాలి. సిలువను ముద్దు పెట్టుకోకపోయినా ఫరవాలేదు ప్రభువా, నేరుగా ఇండ్లకు పోనీ, గంజి ఇక్కడ చల్లారిపోనీ, ఆ పందిరి కిందినుంచి మాత్రం రావాలి, పొద్దుండగా రావాలి.

“సిస్టర్,” జూలీ గొంతు, వెనకనుంచి, మెల్లగా. “తాడు పట్టుకున్నరు మీరు.”

చూసుకుంది. నిజమే. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గుంజ దగ్గరికి నడిచిందో తెలియలేదు. పిడికిట్లో తాడు, ఇంకో చెయ్యి గుడ్డ ముడి మీద.

“కొట్టేద్దాం సిస్టర్. ప్రభువేం అనుకోడు. ఆయనకు గూడ కూలోళ్ళ సంగతి ఎరుకే.”

“ప్రభువు అనుకోడమ్మా. రుక్కమ్మ అనుకుంటుంది. వాళ్ళు చూసుకుంటామన్నారు, జూలీ. ఇప్పుడు నేను కొడితే ఆ మాట నమ్మలేదనేగా అర్థం.” తాడు వదిలింది. వదిలిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సిలువగుర్తు వేసుకుంది.

టమాట మడుల్లో ఒక మనిషి వంగి కాయలు ఏరుతోంది. ఇంతసేపూ కళ్ళముందే ఉంది, తోట మీదే చూపు నిలిపి ఆమెను చూడలేదు. తండా సక్కుబాయి. ఆ మళ్ళు కూడా పటేల్‌వే, అయినా ద్రాక్షకోతకు ఆమెను పిలవరు, ముసలిది, పందిరికి చెయ్యి అందదు అంటారు. మోచేతి పైదాకా తెల్లటి గాజులు. దవాఖాన తెరిచిన కొత్తలో మొట్టమొదట వచ్చింది ఆమే, గాజుల కింద పుండు చీముపట్టి. గాజులు తీస్తేనే కట్టు కడతానంది జూలీ. చెయ్యన్న దీస్త గాని గాజులు దియ్య అంది ఆమె. అరుగు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి కళ్ళలోకి ఒకరు ఉరిమి చూసుకుని, చివరికి జూలీ ఒక్కొక్క గాజూ పైకి జరిపి, గుడ్డను సన్నగా చీల్చి గాజుల సందుల్లోంచే చుట్టింది. మానింది. అప్పట్నుంచీ నొప్పి ఉన్నా లేకున్నా వచ్చి అరుగు మీద కూర్చుని పోతుంది. గుడిలోకి రా సక్కుబాయీ అని జూలీ ఎప్పుడైనా అంటే, “నాకు సేవాభాయా ఉన్నడు బిడ్డా, ఆయన్ని ఒంటరిగ ఇడిశి నీ దేవుని తాన కూసుంటే బాగుంటదా?” అంటుంది. మొన్న మట్టల ఆదివారం కూడా అరుగు మీదే ఉంది, మాత్రల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఇటు వాళ్ళ మాటలన్నీ వింటూ. విన్నదని ఎవరూ అనుకోలేదు.

సక్కుబాయి నడుం ఎత్తింది. కంటికి చెయ్యి అడ్డం పెట్టి పడమటికి చూసింది. పొద్దు పెద్దగుండు నెత్తి మీద కూర్చుంది, కుండ మీద మూత పెట్టినట్టు. ఆమె కాయలతో సగం నిండిన చెక్కపెట్టెను బోర్లించింది, కాయలన్నీ మట్టిలోకి దొర్లిపోయాయి, పక్క మొక్కకు ఊతంగా పాతిన కర్ర ఊడబెరికింది, పెట్టె మీద కొట్టింది.

టక్.

అంత చిన్న చప్పుడు. మళ్ళీ, టక్ టక్. గాజులు కూడా గలగలమన్నాయి. తోట గేటు దగ్గరినుంచి మేస్త్రీ కేక, “ఏయ్ సక్కూ! ఏందే గా దరువు? పని గావాల్నా వద్దా?” ఆమె వినిపించుకోలేదు. తోట వైపు తిరిగి నిలబడి, ముసలి గొంతు పగిలిపోయేట్టు అరిచింది, “పొద్దు గుండెక్కింది బిడ్డలారా! గుండెక్కింది పొద్దు!” అరుపుకూ అరుపుకూ మధ్య టక్ టక్ టక్, పెట్టె పలక చీలేట్టు.

ఒక్క క్షణం ఏమీ లేదు. స్కొలాస్టిక జూలీ చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగబడ్డాయి. తర్వాత పచ్చకప్పు కింద ఎక్కడో, లోపల్లోపల, టక్. ద్రాక్ష పెట్టెది, పలచటి చెక్క. ఇంకో పందిరి కింద ఇంకోటి. ఆ వెనక రెండు, ఆ వెనక అయిదారు, ఈ చివరినుంచి ఆ చివరికి వానచినుకులు రేకు మీద మొదలై జోరందుకున్నట్టు, కత్తెరలతో, కర్రలతో, పిడికిళ్ళతో, తోటంతా చెక్క మీద చెక్క, చెక్క మీద చెక్క. ఈ చప్పుడు తనకు తెలుసు. చిన్నప్పుడు, నాయనమ్మ కొంగు పట్టుకుని, ఇదే శుక్రవారం, గంటలు ఊరుకున్న ఊళ్ళో ఉపదేశిగారు రెండు కొయ్యపలకలు కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగి జనాన్ని గుడికి పిలిచేవారు, ఈ రోజు లోహం పలకకూడదు, కొయ్యే పలకాలి. ఇక్కడ ఆ పలకలు చేయించను కూడా లేదు, దవాఖాన దాటి వినపడవు, ఎందుకులే అనుకుంది. ఎవరు చెప్పారు వీళ్ళకు? ఎవరూ చెప్పలేదు. చేతికి అందింది కొట్టారు. సేవాభాయా మనిషి మొదలుపెట్టింది, తోట మొత్తం శుభ శుక్రవారం పలికింది, ఏ పెద్ద గుడిలోనూ ఇంత పెద్ద పిలుపు వినలేదు తాను. నవ్వు వచ్చేసింది. ఉపవాసం రోజు, ప్రభువు చనిపోయిన రోజు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగకుండా, కళ్ళనీళ్ళతో కలిసి, నవ్వు.

పందిరి అంచునుంచి మొదటి తల బయటికి వచ్చింది. వంగి వచ్చి, వెలుతురులో నిలబడి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని వెనక్కి విరిచి నిటారైంది. ఇంకొకామె. ఇంకొకామె. పచ్చకప్పు కిందినుంచి ఒక్కొక్కరే వంగి వస్తున్నారు, ఒక్కొక్కరే నిటారవుతున్నారు, ముఖాల నిండా ఎర్రటి ఎండ. లారీ సగం ఖాళీతో అట్లాగే ఉంది.

దారి పొడుగునా మాటలే, గుడి వాకిట్లోకి వచ్చినా ఆగలేదు, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు. పటేల్ గేటుకు అడ్డం నిలబడ్డాడట. గంట గాలేదు గద, ఎటు పోతున్నరు అన్నాడట.

“రుక్కక్క ఏమన్నదో చెప్పు, నువ్వే చెప్పక్కా!”

“ఏమన్న? గంటకు ఇయ్యాల ఛుట్టీ పటేలా, మాకు గాదా అన్న.”

“గాయనకు నవ్వొచ్చింది గాని నవ్వలె, మీసం కింద దాసుకున్నడు!”

“రేపు పొద్దుగాల్నే ఒస్తం, నీ పండ్లు యాడికి వోవు అని చెప్పినం.”

“మెల్లగా, మెల్లగా అమ్మా, ఫాదరుగారు వచ్చే వేళయింది” అంది స్కొలాస్టిక, ఎవరినీ ఆపాలని లేకపోయినా. రుక్కమ్మ పెద్దబిడ్డ పసివాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది, రుక్కమ్మ గోడ పక్కకు తిరిగి కూర్చుని పాలిస్తూ, అక్కడినుంచే సిలువ మార్గం పాట ఎత్తుకుంది. దుఃఖపు పాట. గొంతులు మాత్రం దుఃఖంగా లేవు, ఎంత ప్రయత్నించినా లేవు, రేకులు అదిరేట్టు పాడుతున్నారు, గెలిచి వచ్చినవాళ్ళ పాటలాగా ఉంది. ఫాదరుగారు స్కూటరు ఆపి, నిండిపోయిన చాపలు చూసి, చెమట తుడుచుకోవడం మరిచిపోయారు. సిలువ మీది బట్ట మెల్లగా విప్పుకుంటూ వచ్చారు. ఒక్కొక్కరే వచ్చి మోకరించారు. చేతులు కడుక్కోవడానికి ఎవరికి తీరిక? పొద్దుటినుంచీ పండు కోసిన చేతులు, ఆ చేతులతోనే పాదాలు పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. అందరి తర్వాత స్కొలాస్టిక మోకరించింది. కొయ్య పాదాలు జిగటగా ఉన్నాయి. పొద్దుటినుంచీ ఏమీ తగలని పెదవులకు తియ్యగా తగిలింది, ద్రాక్షరసం. ఆమె చాలాసేపు లేవలేదు.

లేచి గడపలోకి వచ్చేసరికి చివరి వెలుతురు. టమాట మడి ఖాళీగా ఉంది. దూరంగా తండా బాట మీద నెత్తిన పుల్లలమోపుతో ఒక మనిషి, చేతి గాజులు తెల్లగా మెరుస్తున్నాయి, వెనక్కి తిరిగి చూడడం లేదు. పిలుద్దామని నోరు తెరిచింది. ఈ దేవుడి దగ్గరికి పిలిస్తే ఆ దేవుడు ఒంటరి అవుతాడని ఆమె అంటుంది. పిలవలేదు. బాట మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ సక్కుబాయిని ఇక పనికి రావద్దన్నాడు. రుక్కమ్మా మిగతావాళ్ళూ ఆమెను నడుమ పెట్టుకుని గేటులోంచి లోపలికి నడిచారు. పండు పందిళ్ళ మీద నిండుగా ఉంది, మనుషులు కావాలి, పటేల్ చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆ తోటలో పొద్దు పెద్దగుండు ఎక్కితే చాలు, గంట ఉన్నా లేకపోయినా చేతులు ఆగేవి.

చదివినవారికి ఒక్క మనవి. ఆ గుడిలో ప్రతి ఏడూ మేలు చేసినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. సక్కుబాయి పేరు చదివితే ఆమె ఒప్పుకోదని చదవరు. ఎప్పుడైనా సాయంత్రం పనిలోనుంచి నడుం ఎత్తినప్పుడు, మీకు ఏ దేవుడుంటే ఆ దేవుడి దగ్గర, లేకపోతే ఊరికే మనసులో, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.